ఈసుకుపోయే ఆవుల వెనుక నిద్రపోయే వైరస్

ఉత్తరాంధ్రలో అలమండ సంతలోనో నారాయణవలస సంతలోనో చూడి ఆవును కొని ఇంటికి తోలుకొచ్చిన రైతుకు ఒకటే టెన్షన్. ఆరేడు నెలల చూలు ఈసుకుపోతే, అంటే నెలలు నిండకుండానే కడుపు పోతే, పెట్టిన డబ్బూ పోతుంది, పాలూ పోతాయి. దిష్టి తగిలిందనో, పక్క ఆవు కుమ్మిందనో అనుకుంటారు. డాక్టరు ముందుగా చూలు పోగొట్టే బ్రూసెల్లా అనే బ్యాక్టీరియాను అనుమానిస్తారు, అది సరైనదే. కానీ చూలు పోగొట్టే ఇంకో జబ్బు, ఐబీఆర్ (ఇన్ఫెక్షియస్ బొవైన్ రైనోట్రాకియైటిస్, ఆవుల ముక్కు, గాలిగొట్టం అంటుజబ్బు) అన్న మాట మన పల్లెల్లో రావలసినంతగా రావడం లేదు.

ఐబీఆర్‌ని తెచ్చేది ఆవుల హెర్పిస్ వైరస్-1. జ్వరం, ఎర్రబడిన ముక్కు, కారే కళ్లు, తగ్గిన పాలు దాని గుర్తులు. ఒక ఆవు పది రోజుల్లో తేరుకుంటుంది, ఇంకొకటి ఈసుకుపోతుంది. ఈ తేడా కొంత పశువు ఒంటి శక్తిది, కొంత వైరస్ జన్యువులది.

ఎద్దు దాటాక మానం మీద పొక్కులు లేచే జబ్బు జర్మనీలో 19వ శతాబ్దంలోనే తెలుసు. 1950ల మొదట్లో అమెరికాలోని కొలరాడోలో, పశువులను గుంపుగా మేపే ఫారాల్లో ముక్కు జబ్బు చెలరేగింది. 1956లో వైరస్‌ను వేరుచేశారు. పొక్కుల జబ్బుకూ ఇదే కారణమని కొద్ది ఏళ్లలోనే తేలింది. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1976లో, ఉత్తరప్రదేశ్‌లో. దూడల మెదడును దెబ్బతీసే రకాన్ని కూడా చాలాకాలం ఇందులోనే లెక్కించారు. జన్యువులు పోల్చి చూశాక దాన్ని హెర్పిస్ వైరస్-5గా విడదీశారు.

ఈ వైరస్‌కు సుమారు 70 జన్యువులు. ముక్కులో దిగిన వైరస్ నరం వెంట పైకి పాకి, పుర్రె అడుగున ఉన్న ట్రైజెమినల్ నరాల ముడిలో చేరి, ఆవు బతికినంత కాలం అక్కడే నిద్రపోతుంది. ఈనేటప్పటి కష్టం, లారీ ప్రయాణం, స్టెరాయిడ్ సూది దాన్ని లేపుతాయి. లేచాక అదే నరం మీదుగా ముక్కుకు దిగి పక్క పశువుకు అంటుకుంటుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే ఆవే సంతలో జబ్బు పంచగలదు. నాకు భయం వేసేది ఇక్కడే.

నరం మీదుగా ముక్కుకు దిగే ఆ తిరుగు ప్రయాణానికి వైరస్ పైపొరలోని జీఈ (గ్లైకోప్రొటీన్ ఈ) అనే ప్రొటీన్ కావాలి. దాని జన్యువు పోతే వైరస్ నీరసిస్తుంది, నరం వెంట దిగి రాలేకపోతుంది. డీఎన్ఏ తయారీకి పనికొచ్చే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమ్ జన్యువు తీసేసినా నరాల మీద దాని దాడి తగ్గుతుంది. నిద్రకు సంబంధించిన ఎల్ఆర్ జన్యువును అమెరికాలో చెడగొట్టి చూశారు. ఆ వైరస్ ఎక్కించిన దూడల్లో కంటి జబ్బు తేలికగా పోయింది. తర్వాత స్టెరాయిడ్ ఇచ్చినా వైరస్ మేలుకోలేదు.

జీఈ లేని ఒక టీకా వైరస్ మనిషి జన్యువును కత్తిరించకుండానే, కణాల్లో పెంచగా పెంచగా తయారైంది. ఆ సంగతి 1990లలో బయటపడింది. అలాంటి టీకా వేసిన ఆవు రక్తంలో జీఈ యాంటీబాడీ ఉండదు, నిజంగా జబ్బు సోకినదానిలో ఉంటుంది. రక్తపరీక్షతో రెండింటినీ విడదీయవచ్చు. డెన్మార్క్, స్విట్జర్లాండ్ సోకిన పశువులను తీసేసి ఐబీఆర్‌ను తుడిచిపెట్టాయి. ఆవును కోతకు పంపలేని మనకు ఆ దారి లేదు. అందుకే ఈ టీకా, ఈ పరీక్ష మనకే ఎక్కువ అవసరం.

విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, సందేహాలుంటే అక్కడ అడగవచ్చు. సంత నుంచి తెచ్చిన ఆవును మూడు వారాలు వేరే సాలలో కట్టాలి. ఈసుకుపోతే పిండాన్నీ మాయనూ వట్టి చేతులతో ముట్టుకోకుండా, గోతిలో పూడ్చేముందే డాక్టరుకు కబురు పెట్టి పరీక్షకు నమూనా తీయించాలి.