కిలోకి గ్రామా, 1.6 గ్రాములా? ప్రోటీన్ లెక్క ఎక్కడ మలుపు తిరిగింది

రోజుకి ఎంత ప్రోటీన్ తినాలన్న పాత వాదనే నెల్లూరు, ఒంగోలు జిమ్‌లలో మళ్లీ రాజుకుంది. కండ కోసం ప్రోటీన్ పౌడర్ల జోలికి పోవద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. కిలో బరువుకి రోజుకి 1.6 గ్రాములు తగ్గకూడదని కోచ్‌లంటారు.

అసలు మలుపు 2003లో ఉంది. అంతకుముందు జరిగిన నైట్రోజన్ బ్యాలెన్స్ ప్రయోగాల ఫలితాలను రాండ్, పెల్లెట్, యంగ్ అనే పరిశోధకులు ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ప్రోటీన్‌లో నైట్రోజన్ ఉంటుంది కాబట్టి, తిండితో లోపలికి వెళ్లిన నైట్రోజన్ ఎంత, మలమూత్రాల్లో పోయింది ఎంత అని కొలుస్తారు. చెమటకీ, రాలే చర్మానికీ ఒక అంచనా కలుపుతారు. రాకపోకలు సరిపోయిన మోతాదే ఒంటికి అవసరమైనది. తేలింది కిలోకి 105 మిల్లీగ్రాముల నైట్రోజన్. ప్రోటీన్‌లో నైట్రోజన్ సుమారు 16 శాతం, కాబట్టి 6.25తో హెచ్చవేస్తే 0.66 గ్రాముల ప్రోటీన్. అది సగంమందికే చాలుతుంది. దాదాపు అందరికీ చాలాలంటే 0.83. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2020లో మన పోషకాహార సంస్థ తీసుకున్నది ఈ అంకెనే.

పద్ధతిలో లోపం లేకపోలేదు. కంచానికి అంటిన మెతుకులు తిన్నట్టే లెక్కలో పడతాయి, సీసాకి అంటిన మూత్రం లెక్కకి రాదు. రెండు తప్పులూ ఒకవైపుకే లాగి, అవసరాన్ని తక్కువ చేసి చూపిస్తాయి. 2007లో టొరంటో పరిశోధకులు ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాలు ఒంట్లో ఎంత ఖర్చై కాలిపోతున్నాయో (ఆక్సీకరణ) కొలిచి సగటు అవసరం 0.93, దాదాపు అందరికీ చాలే మోతాదు 1.2 అన్నారు. గట్టి ప్రశ్నే, కానీ చూసింది ఎనిమిదిమంది యువకుల్ని, అదీ ఒక్కో మోతాదుకి కొన్ని గంటలు. ఇక 1.6 అన్నది 2018లో 49 అధ్యయనాలు కలిపి, బరువులెత్తేవాళ్లలో కండ పెరుగుదల ఎక్కడ ఆగుతుందో చూసిన అంకె. అందులోనూ అంచనా 1.03 నుంచి 2.2 దాకా సాగింది. దాన్ని అందరి అవసరంగా చెప్పడం తప్పు.

మన కంచానికి అసలు చిక్కు వేరే ఉంది. 0.83 అనేది గుడ్డు, పాల వంటి మేలురకం ప్రోటీన్‌కి. బియ్యంలో లైసిన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం తక్కువ, కాబట్టి అన్నం మీదే ఆధారపడితే కిలోకి 1 గ్రాము కావాలి. ధాన్యం, పప్పు, పాలు 3:1:2.5 పాళ్లలో పడితే 0.83 చాలు. ఆ లెక్కన 65 కిలోల మగవాడికి కావలసిన ప్రోటీన్ 54 గ్రాములు. 300 గ్రాముల బియ్యంలో 24, 100 గ్రాముల కందిపప్పులో 22, పావులీటరు పాలలో 8, మొత్తం 54 గ్రాములు. పప్పు పలచబడి 30 గ్రాములకి దిగితే మొత్తం 39కి పడిపోతుంది. ప్రకాశం పొలాల శనగలు 50 గ్రాములు నానబెట్టి ఉడికిస్తే 9, ఒక గుడ్డుకి 6. మళ్లీ 54.