నల్ల కారు, రాతి దుమ్ము

చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీ నడిపే మా బావమరిది పోయిన వేసవిలో నల్ల కారు కొన్నాడు. ఆ ఊళ్లో నల్ల కారు అంటే తెల్లచొక్కా వేసుకుని బొగ్గుల బస్తా మొయ్యడమేనని ముందే చెప్పాను. వింటేగా! డెలివరీ రోజే షోరూమ్ వాళ్లు సిరామిక్ కోటింగ్ మాట ఎత్తారట, కారు రంగు మీద పూసే పల్చటి రక్షణ పొర అది. 32,000 రూపాయలు. అయిదేళ్లు వారంటీ, గీతలు పడవు, ఎండకు రంగు వెలవదు, కడిగే బాధ ఉండదు. నాలుగు నెలలు ఊగిసలాడి చివరికి నాకు ఫోన్ చేశాడు. "బావా, కొట్టించమంటావా, వద్దంటావా? రెండు ముక్కల్లో చెప్పు."

రెండు ముక్కల్లో తేలేది కాదని, ఆదివారం పొద్దున నెల్లూరులో బయల్దేరాను. ఒంగోలు దాటి కర్నూలు రోడ్డులో 20 కిలోమీటర్లు పోయేసరికి నా కారు మీద దుమ్ము పొర పేరుకుంది. నాది తెలుపు కాబట్టి పెద్దగా తెలియలేదు.

ఫ్యాక్టరీ ముందు మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి ఉంది కొత్త కారు. బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం, దాని చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు. "చూశావా, ఎవరో గుండ్రంగా రుద్దారు" అన్నాడు వాడు. రెండడుగులు పక్కకు జరిగి చూడమన్నాను. సాలెగూడు కూడా వాడితోపాటే జరిగింది! అసలు సంగతేమిటంటే గీతలు గుండ్రంగా లేవు. అడ్డదిడ్డంగా అన్ని దిక్కులకూ ఉన్నాయి. ప్రతిబింబం చుట్టూ ఏ గీత ఆ వెలుగుకు అడ్డంగా పడి ఉందో అదే కాంతిని మన కంటివైపు తిప్పుతుంది, మిగతావి కనపడకుండా దాక్కుంటాయి. అలా కనపడిన ముక్కలన్నీ కలిసి మనకు వలయాల్లా తోస్తాయి. నీడలో చూస్తే అదే బానెట్ అద్దంలా ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ కారు బేరమాడేటప్పుడు ఎండలోకి తీయించి చూడాలనేది ఇందుకే.

ఎవరు చేశారో కనుక్కోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేకపోయింది. వాచ్‌మన్ రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో కారంతా తుడుస్తాడు. "దుమ్ము కనపడకుండా తుడుస్తా సార్" అన్నాడు గర్వంగా. శ్రద్ధ ఉన్న మనిషే. ఆ శ్రద్ధే కొంప ముంచింది.

చీమకుర్తి రాయిని వ్యాపారంలో గెలాక్సీ గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని గాబ్రో జాతి కింద లెక్కేస్తారు. అందులో ఉండేవి ముఖ్యంగా ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్ అనే ఖనిజాలు. నల్లరాతిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఒకరకం పైరాక్సీనే. ఖనిజం ఎంత గట్టిదో ఒకటి నుంచి పది దాకా చెప్పే మోస్ కాఠిన్యపు కొలతలో ఇవి 6కు అటూ ఇటూ ఉంటాయి. మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ 7. మన గోరు రెండున్నర. కారు పైపూత ఎంత మెరిసినా అది ఒకరకం ప్లాస్టిక్. దాని మీద రాతిపొడి పరిచి గుడ్డతో అదిమి రుద్దితే ఏమవుతుందో రాళ్లకు పాలిష్ పెట్టేవాడికి నేను చెప్పాలా?

నిజానికి ఆ రోజు నాకు పాఠం చెప్పింది వాడి ఫ్యాక్టరీయే. షెడ్డులో అప్పుడే రంపం కింద నుంచి వచ్చిన పలక ఒకటి గోడకు ఆనించి ఉంది. బూడిదరంగులో, జీవం లేనట్టు. మా వాడు మగ్గుతో నీళ్లు తీసి దాని మీద కొట్టాడు. నీళ్లు పడినమేరా రాయి నిగనిగలాడే నలుపైంది, చుక్కలు తేలాయి. కొనేవాళ్లకు రోజూ ఇలాగే చూపిస్తాడట. అయిదు నిమిషాల్లో ఆరి మళ్లీ బూడిదే. రాయి రంగేమీ మారలేదు. గరుకు ఉపరితలం కాంతిని నలుదిక్కులా చిందరవందరగా వెదజల్లుతుంది, ఆ తెల్లటి మసకే నలుపును కప్పేస్తుంది. నీళ్లు గుంటల్లో నిండితే పైభాగం నునుపై, మసక పోతుంది. పాలిష్ మిషన్ చేసేదీ అదే, కాకపోతే ఆ నునుపు ఉండిపోతుంది. ముందు గరుకు రాళ్లతో, తర్వాత ఇంకా సన్నవాటితో అరగదీసి, గీతల్ని కంటికి ఆనని సైజుకు తెస్తుంది.

కారుకూ ఈ రెండు దారులే ఉన్నాయి. కొన్ని పాలిష్‌లలోని నూనె, మైనం గీతల్లో నిండి, ఆ మగ్గు నీళ్లలాగే కొన్నాళ్లు మాయ చేస్తాయి. నాలుగుసార్లు షాంపూ పడితే గీతలు మళ్లీ బయటికొస్తాయి. రెండో దారి పైపూతను నిజంగానే అరగదీయడం. సిరామిక్ కోటింగ్ వేసేముందు షాపువాళ్లు మిషన్ పెట్టి చేసేది ఇదే. 'కోటింగ్ తర్వాత కారు అద్దంలా అయింది' అంటూ చూపించే ఫొటోల్లోని మెరుపులో సింహభాగం ఈ అరగదీతది. కోటింగ్ వచ్చి దాని మీద కూర్చుంటుంది, పేరు మాత్రం దానికి పోతుంది.

అరగదీయడానికి అక్కడ ఉన్నదెంతో కూడా చూడాలి. రేకు మీద తుప్పు పట్టకుండా వేసే మొదటి పూత 20 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), దాని మీద ప్రైమర్ 30 దాకా, రంగు 15 ప్రాంతం, అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్‌కోటు 40 అటూ ఇటూ. కంపెనీని బట్టి కొంచెం మారినా మొత్తం కలిపి ఆఫీసులో వాడే తెల్లకాగితమంత మందం.   ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని పీల్చుకునే మందులు ఉండేది మాత్రం పై క్లియర్‌కోటులో. పాలిష్ పెట్టిన ప్రతిసారీ అందులో ఒకటో రెండో, గట్టిగా పెడితే ఇంకొన్ని మైక్రాన్లో పోతాయి. కొత్త కారుకు ఒకసారి తేలిగ్గా చేయిస్తే నష్టమేమీ లేదు. 'ఏటేటా పాలిష్, పైన కోటింగ్' ప్యాకేజీ అంటేనే నాకు భయం. ఎండ నుంచి కాపాడేదాన్ని అరగదీసి, ఎండ నుంచి కాపాడతామని డబ్బులు తీసుకోవడమేగా అది.

ఇక ఆ సీసాలో ఉండేదేమిటి? సిరామిక్ అనే మాట కుమ్మరిమట్టికి గ్రీకులు పెట్టుకున్న పేరు నుంచి వచ్చింది. ఇక్కడ మట్టీ లేదు, ఆవమూ లేదు. పాలీసిలజేన్, సైలాక్సేన్ లాంటి సిలికాన్ సమ్మేళనాల్ని తొందరగా ఆవిరైపోయే ద్రావకంలో కలిపి ఉంచుతారు. పూయగానే ద్రావకం ఎగిరిపోతుంది. మిగిలినవి గాలిలోని తేమతో చర్య జరిపి సిలికాన్, ఆక్సిజన్ అల్లికగా గట్టిపడతాయి. ఇసుకా గాజూ అల్లుకున్నది కూడా ఈ రెంటితోనే. గూడూరు, చిల్లకూరు వైపు లారీల కొద్దీ తవ్వే సిలికా ఇసుకకు ఇది రసాయనంగా దూరపు చుట్టమే. ఇసుక గీతల నుంచి కాపాడతానని వచ్చింది ఇసుక చుట్టం! తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి మన తీరంలో ఉక్కపోసే రోజుల్లో ఇది త్వరగా బిగుసుకుంటుంది. పూసినవాడు సమయానికి తుడవకపోతే నూనె తెట్టులాంటి మరకలు అలాగే ఉండిపోతాయి, మళ్లీ పాలిష్‌తో తీయాల్సిందే. పనితనం ఉన్న చెయ్యి కావాలనేది అందుకే.

ఆరాక మిగిలే పొర మామూలుగా ఒక మైక్రాను, రెండు మూడు పూతలు వేస్తే ఇంకొంచెం. మన తలవెంట్రుక 70 మైక్రాన్లు ఉంటుంది. ఇంత పల్చటిదానికి '9హెచ్ కాఠిన్యం' అని బోర్డు పెడతారు. స్కూల్లో మోస్ కొలత చదువుకున్నవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. అందులో 9 అంటే కురువిందం, వజ్రానికి ఒక మెట్టు కింద. ఇసుక 7, కోటింగ్ 9, ఇంకేం కావాలి అనుకుంటాం. కానీ ఈ 9హెచ్ పెన్సిల్ కొలత. డ్రాయింగ్ మాస్టారి డబ్బాలో హెచ్‌బీ, 2బీ, 4హెచ్ పెన్సిళ్లు ఉంటాయే, ఆ వరుసలో చివరిది. 9హెచ్ పెన్సిల్‌తో అదిమి గీసినా గీత పడలేదని దాని అర్థం. పెన్సిల్ ములుకంటే గ్రాఫైటూ బంకమన్నూ, క్వార్ట్జ్ కాదు. పైగా ఒక మైక్రాను పొర తన కింద ఉన్నదాన్ని బట్టే నిలబడుతుంది. పరుపు మీద గాజుపలక వేసి దానిమీద నడిస్తే పగిలేది గాజే. మెత్తటి గుడ్డ తాకిడికి పడే వెంట్రుకవాసి గీతల్ని ఇది కొంత తగ్గిస్తుందంటే ఒప్పుకుంటాను. చీమకుర్తి దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే తట్టుకుంటుందంటే మాత్రం ఒప్పుకోను. రోడ్డు మీద లారీ చక్రం నుంచి ఎగిరే కంకరకైతే దీని సాయం అసలే లేదు. దానికి 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అంటించాలి, దాని ధర వేరే కథ.

మరి ఇది నిజంగా చేసే పనేమీ లేదా అంటే, ఉంది. నీటిని దగ్గరికి రానివ్వదు. చేమాకు, తామరాకుల మీద నీటిబొట్టు దొర్లడం మనకు తెలిసిందే. జర్మన్ వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్ట్‌లాట్, నైన్‌హైస్‌తో కలిసి తామరాకు గుట్టును 1997లో వివరంగా ప్రచురించాడు. ఆకు మీది సన్నటి బొడిపెలు, వాటిపై మైనపు పొర, మధ్యలో చిక్కిన గాలి కలిసి బొట్టును గోళీలా నిలబెడతాయి. ఆ గోళీ దొర్లుతూ దుమ్మును ఎత్తుకుపోతుంది. బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణం ఆకు మీద 150 డిగ్రీలు దాటుతుంది. కోటింగ్ వేసిన కారు మీద 100, 110 దగ్గరే ఆగుతుంది. దానికి బొడిపెలు లేవు, నునుపే. వాలుగా ఉన్న తలుపుల మీద నీళ్లు జారిపోతాయి, చదునైన బానెట్ మీద మాత్రం ముత్యాల్లా కూర్చుంటాయి.

ఆ ముత్యాలతోనే మన దగ్గర తంటా. ప్రకాశం జిల్లాలో చాలాచోట్ల బోరునీళ్లు ఉప్పదనం, సున్నంతో నిండి ఉంటాయి. బొట్టు ఎండలో ఆరితే అందులోని లవణమంతా చిన్న వృత్తంగా మిగులుతుంది. ఆ మరకలు పేరుకుపోతే నీళ్లు జారడం మానేస్తాయి, 'కోటింగ్ పోయింది' అంటారు. చాలాసార్లు అది పోదు, సున్నం కింద కప్పబడిపోతుంది. నీళ్లు కలిపిన వెనిగర్‌ను నీడలో, చల్లని రేకు మీద, ఒక మూల పెట్టి చూసి వెంటనే కడిగేస్తే సున్నం కరుగుతుంది.

మా వాడి ఫ్యాక్టరీలో ఇంకో విడ్డూరం చూశాను. వాచ్‌మన్ వారానికోసారి కారు కడిగేది రాళ్ల పాలిష్‌కు తిప్పి తిప్పి వాడే తొట్టి నీళ్లతో. ఒక బకెట్ పట్టి పావుగంట కదపకుండా ఉంచాం. పైన నీళ్లు తేటగానే ఉన్నాయి. అడుగున వేలు పెట్టి తీస్తే పళ్లపొడిలాంటి బూడిదరంగు ముద్ద వచ్చింది. మా బావమరిది దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, ఏమీ మాట్లాడకుండా పోయి చెయ్యి కడుక్కున్నాడు.

కోటింగ్ ఉన్న కారుకు పిట్టరెట్టలు, హైవే మీద రాత్రిపూట కొట్టుకునే పురుగులు, తారు చుక్కలు గట్టిగా అంటుకోవు, తేలిగ్గా వదులుతాయి. వదలడమే గానీ, వదిలేస్తే ఊరుకోవు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో నల్ల బానెట్ 60, 70 డిగ్రీలకు చేరుతుంది. క్లియర్‌కోటు మెత్తబడి సాగుతుంది. దాని మీద ఎండిన రెట్ట గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడి ముడుచుకునేటప్పుడు పూత ఆ రెట్ట ఆకారానికే బిగుసుకుంటుంది. ఒక మైక్రాను పొర దీన్నేమీ ఆపలేదు. ఎండకు రంగు వెలవదన్న మాటా అంతే, ఆ కాపలా క్లియర్‌కోటు ముందునుంచీ చేస్తున్నదే. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఊళ్లవాళ్లకు ఇంకో మాట. ఉప్పుగాలికి తుప్పు మొదలయ్యేది బానెట్ మీద కాదు, తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాల దగ్గర, చక్రాల పైమడతల్లో, కింది భాగంలో. మంచినీళ్ల పైపు అక్కడ పట్టాలి.

కాబట్టి నా లెక్కలో ఈ కోటింగ్ ఖర్చు కారు ధరను బట్టి కాదు, దాన్ని ఎవరు, ఎలా కడుగుతారన్నదాన్ని బట్టి తేలుతుంది. ముందు నీళ్లు కొట్టి దుమ్ము దించి, షాంపూకొక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకొక బకెట్ పెట్టుకుని, మైక్రోఫైబర్ గుడ్డతో నీడలో తుడుచుకునే ఓపిక ఉన్నవాడికి ఇది దండగ కాదు. పని సగమవుతుంది, ముదురు రంగు కారైతే చూడ్డానికీ బాగుంటుంది. పొడిగుడ్డ బాపతు కారుకు ఏ కోటింగూ ఆగదు. ఓపిక ఉండి అంత డబ్బు పెట్టలేనివాళ్లకు సిలికా కలిపిన స్ప్రేలు దొరుకుతాయి. చవక, కొన్ని నెలలే ఉంటాయి, మళ్లీ కొట్టుకోవచ్చు. క్లియర్‌కోటు పొలుసులు లేచిన పాత కారుకు వేయిస్తామంటే మాత్రం దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.

మా వాడు 32,000 పెట్టలేదు. ఒంగోలులో పూత మందం కొలిచే మీటరు ఉన్న షాపు వెతికి, పాలిష్‌కు ముందూ తర్వాతా కొలిపించుకుని, ఒక్క విడత తేలికపాటి పాలిష్ చేయించాడు. ప్రెషర్ వాషర్, రెండు బకెట్లు, అరడజను గుడ్డలు కొన్నాడు. వాచ్‌మన్‌కు ఇక కారు ముట్టుకోవద్దని చెప్పడానికి వాడికి నోరు రాలేదు. పెద్దాయన నొచ్చుకుంటాడని. ఇప్పుడాయన రోజూ పొద్దున్నే స్టీరింగు, సీట్లు తుడుస్తున్నాడు.