గుండె ఆగినప్పుడు పసి మెదడుకు రక్తం ఎలా?

గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులు తారుమారై పుట్టే పిల్లలుంటారు. వాళ్లకు తరచూ మొదటి వారాల్లోనే ఆపరేషన్ చేయాలి. గుండెను ఆపి, దాని పనిని హార్ట్-లంగ్ మెషీన్‌కు అప్పగిస్తారు. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ ఈ మెషీన్‌తో తొలి ఆపరేషన్‌ను విజయవంతంగా చేశారు. అయితే మెషీన్ మీద ఉన్నంతసేపూ మెదడుకు సరిపడా రక్తం అందుతోందా అన్న టెన్షన్ ఇప్పటికీ ఉంది.

మామూలుగా మెదడు ఆ సంగతి తనే చూసుకుంటుంది. బీపీ పెరిగితే దానిలోని సన్నని ధమనులు బిగుసుకుంటాయి, తగ్గితే వదులవుతాయి. దీన్నే ఆటోరెగ్యులేషన్ అంటారు. బీపీ ఒక హద్దు దాటి పడిపోతే మాత్రం ఈ సర్దుబాటు చాలదు, రక్తం కూడా తగ్గిపోతుంది. చిక్కేమిటంటే, ఆ హద్దు ఒక్కో బిడ్డకు ఒక్కో చోట ఉంటుంది. బీపీ అంకె ఒక్కటే చూసి మెదడు క్షేమమని చెప్పలేం.

దీనికి చల్లదనం తోడవుతుంది. కొన్ని క్లిష్టమైన ఆపరేషన్లలో బిడ్డ ఒంటిని 18 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. మెదడుకు ఆక్సిజన్ అవసరం బాగా తగ్గుతుంది, నిజమే. కానీ అంత చలిలో ఆటోరెగ్యులేషన్ కూడా పోతుంది. ఇక పంపు ఎంత తోస్తే అంతే రక్తం. అప్పుడు ఆ మెషీన్‌ను నడిపే నిపుణుడైన పెర్ఫ్యూజనిస్టు చేతిలో ఉండే మరో ఆయుధం కార్బన్ డయాక్సైడ్. దాన్ని కాస్త కలిపితే మెదడు ధమనులు విప్పారి, మెదడంతా సమంగా చల్లబడుతుంది. పసిపిల్లలకు చాలా చోట్ల ఈ పద్ధతే వాడతారు. పెద్దవాళ్ల విషయంలో, పెరిగిన ప్రవాహంతో పాటు చిన్న చిన్న గడ్డలు కూడా మెదడులోకి పోతాయేమోనని వెనకాడతారు.

ఇదంతా జరుగుతుండగా బిడ్డ నుదుటి మీద ఒక చిన్న పట్టీ ఉంటుంది. దాన్నుంచి కంటికి కనిపించని పరారుణ కాంతి పల్చని ఎముక దాటి లోపలికి వెళ్తుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేనిది ఆ కాంతిని వేర్వేరుగా పీల్చుకుంటాయి. తిరిగొచ్చిన వెలుగును బట్టి ఆక్సిజన్ శాతం లెక్కిస్తారు. పట్టీ కిందున్న కొద్ది భాగం సంగతే అది చెబుతుంది, మెదడంతటిదీ కాదు. అయినా నా దృష్టిలో దాని అసలు ఉపయోగం ఆ శాతాన్ని బీపీతో పోల్చి చూడడంలో ఉంది. బీపీ ఊగినా ఆక్సిజన్ నిలకడగా ఉంటే ఆటోరెగ్యులేషన్ పనిచేస్తున్నట్టే. రెండూ కలిసి పడిలేస్తుంటే అది చేతులెత్తేసిందన్నమాట. ఇలా ఆ బిడ్డ హద్దు ఎక్కడుందో ఆపరేషన్ నడుస్తుండగానే అంచనా వేయొచ్చు.

ఆపరేషన్ అయ్యాక మళ్లీ వెచ్చబరచడంలోనూ తొందర పనికిరాదు. మెదడు మామూలు వేడిని మించితే ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, అదీ ధమనుల అదుపు ఇంకా పూర్తిగా తిరిగిరాని సమయంలో.