సైలెన్సర్ మెడ దగ్గర నల్లని తడి

కోనసీమలో తెల్లవారకముందే చెరువు గట్టుకు మేత బస్తాతో బయలుదేరే మోటారు సైకిల్‌కు, ఇంజన్ హెడ్డులో (సిలిండర్ పైభాగంలో) సైలెన్సర్ పైపు దిగే చోట, నల్లని తడి కనిపించడం కొత్త సంగతి కాదు. చూసినవారు వెంటనే, ఆ జాయింటు మధ్య నలిగి కూర్చునే ప్యాకింగ్ పోయిందని అనుకుంటారు. ప్యాకింగ్ మార్చాక కొన్నాళ్లు శుభ్రంగానే ఉంటుంది. తరువాత తడి మళ్లీ వస్తుంది. ప్యాకింగ్ చేసే పని జాయింటు సందు మూయడం మాత్రమే. పెట్రోలులో నూనె కలపని ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో పొగ వెళ్లే దారిలోకి నూనె రానే కూడదు. వచ్చిందంటే అది పుట్టిన చోటు వేరే ఉందన్న మాట.

ముందుగా తేల్చుకోవలసినది అది నూనేనా, నీరా అన్నది. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరుగా మారుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుందంటే చాలామంది నమ్మరు గానీ, లెక్క అంతే వస్తుంది. ఆ ఆవిరి, సుమారు 50 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న లోహాన్ని తాకితే, చుక్కలుగా మారి మసితో కలుస్తుంది. ఇంటి నుంచి గట్టుకు, గట్టు నుంచి కిళ్లీ కొట్టుకు, రెండేసి కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండికి ఈ నీటిని ఆరబెట్టేంత వేడి సైలెన్సర్ డబ్బా దాకా చేరదు. అయితే హెడ్డు దగ్గరి జాయింటు త్వరగానే కాగిపోతుంది కాబట్టి, నీటి చెమ్మ అక్కడకన్నా వెనుక, పైపు డబ్బాలోకి దిగే చోట ఎక్కువగా కనిపిస్తుంది. అనుమానం తీరాలంటే ఆ తడిని పాత వార్తాపత్రిక ముక్కకు అద్ది ఎండలో పెట్టాలి. నీరైతే ఆరిపోయి మసి మరక మిగులుతుంది. నూనె అయితే కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు ఆ మేర అద్దంలా మెరుస్తుంది.

నూనె అని తేలితే, అది పైనుంచి జారిందా, లోపలినుంచి వచ్చిందా అన్నది రెండో ప్రశ్న. హెడ్డు పైనుండే మూత, అంటే ట్యాపెట్ కవర్, ప్యాకింగ్ గట్టిపడి చిట్లితే అక్కడి నూనె ఇంజన్‌ను చల్లబరిచే రెక్కల (ఫిన్నుల) మధ్యగా జారి, సరిగ్గా సైలెన్సర్ మెడ మీదికే చేరుతుంది. హెడ్డు అంతా కిరోసిన్‌తో కడిగి, ఆరనిచ్చి, సుద్దముక్క పొడి చల్లి, ఇంజన్‌ను కొద్దిసేపు నడిపితే పొడి ఏ చోట ముందు తడిసిందో అదే మూలం. లోపలినుంచి వస్తే మొదట చూడవలసింది ఎగ్జాస్ట్ వాల్వు సీలు, అంటే పొగను వదిలే వాల్వు కాడకు తొడిగిన రబ్బరు. ఆ రబ్బరు వేడికి బిరుసెక్కితే, రాత్రంతా నిలిపిన బండిలో వాల్వు కాడ వెంట నూనె నెమ్మదిగా దిగి, పొగదారిలోనే నిలుస్తుంది. ఆ నూనె సిలిండర్‌లోకి వెళ్లకుండానే బయటపడుతుంది కాబట్టి నీలి పొగ పెద్దగా కనిపించకపోవచ్చు. చాలామంది పొరబడేది ఇక్కడే. యాక్సిలరేటర్ తిప్పినప్పుడల్లా నీలి పొగ వస్తూ, నూనె మట్టం తగ్గిపోతుంటే, నూనెను సిలిండర్‌లోకి రాకుండా ఆపే పిస్టన్ రింగులను అనుమానించాలి. పాత టూ స్ట్రోక్ బండ్ల సంగతి వేరు: వాటిలో నూనె పెట్రోలుతో పాటే కాలాలి గనుక, కాలకుండా మిగిలింది జాయింటు సందులోంచి కారడం సహజమే.

మూలం తెలిశాక జాయింటు సంగతి. అల్యూమినియం హెడ్డు, పైపును దానికి పట్టి ఉంచే ఉక్కు స్టడ్ (మరల కడ్డీ) వేడికి ఒకేలా సాగవు. 10 సెంటీమీటర్ల ముక్కను 150 డిగ్రీల మేర వేడి చేస్తే అల్యూమినియం దాదాపు 0.35 మిల్లీమీటర్లు, ఉక్కు 0.18 మిల్లీమీటర్లు పెరుగుతాయి. అలా బిగింపు వదులవుతుంది. పైగా నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఒకే సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ నుంచి సెకనుకు 25 సార్లు పొగ దెబ్బ ఆ జాయింటును తాకుతుంది. ఒక్కొక్క దెబ్బ వెనుక పీడనం బయటి గాలికన్నా తగ్గి, వదులైన సందులోంచి గాలి లోపలికి పోతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు వినిపించే టపటప శబ్దానికి అదొక కారణం. అలాంటి చోట సిలికాన్ గమ్ము పూయడం వృథా. మామూలు గమ్ములు సుమారు 300 డిగ్రీల దాకానే తట్టుకుంటాయి, పొగ అంతకు రెట్టింపు వేడిగా రాగలదు. నా బండికి కూడా ఒకసారి అలాగే పూయగా, వారంలో పొడిపొడిగా రాలిపోయింది.

విప్పేటప్పుడు తొందర కూడదు. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు ఉప్పుగాలికి స్టడ్ల మరలు తుప్పుతో బిగుసుకుపోతాయి. బలం చేస్తే స్టడ్ హెడ్డులోనే విరుగుతుంది. తుప్పు వదిలించే నూనె ముందురోజు సాయంత్రమే వేసి, నట్టును కొంచెం ముందుకూ వెనక్కూ తిప్పుతూ రావాలి. పాత ప్యాకింగ్ ఒకసారి నలిగాక మళ్లీ నలగదు, అందుకే కొత్తది వేయాలి. రాగి వాషరైతే మాత్రం ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. కొలిమిలో కత్తికి పదును పెట్టే కమ్మరి ఇదే పనితో ఉక్కును గట్టిపరుస్తాడు; నలిగి బిరుసెక్కిన రాగిలోని స్ఫటికాలు మాత్రం ఆ వేడికి కొత్తగా ఏర్పడి మెత్తదనాన్ని తిరిగి ఇస్తాయి. హెడ్డులో పొగ బయటికి వచ్చే రంధ్రం (పోర్టు) అంచున పేరుకున్న మసిని గీకి, రెండు నట్లనూ మార్చిమార్చి కొద్దికొద్దిగా బిగించాలి.

20 కిలోమీటర్లు నడిపి, పూర్తిగా చల్లారాక నట్లను మరొకసారి సరిచూసి, జాయింటు చుట్టూ సుద్దపొడి చల్లి రాత్రికి వదిలేయాలి. తెల్లవారి పొడి తెల్లగానే ఉంటే పని అయినట్టే; తడిసి ఉంటే స్పానర్‌ను పక్కనపెట్టి వాల్వు సీలు మార్చే పని మొదలుపెట్టాలి.