మళ్లీ వేడి చేస్తే సరిపోతుందా? కబాబులపై అపోహలు - వాస్తవాలు

"సాయంత్రం కొన్న కబాబులు పొద్దున పెనం మీద వేడి చేసుకుంటే ఏమీ కాదు కదా?" నల్లగొండలో నా చిన్న దుకాణం ముందు పార్సిల్ కట్టించుకునేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడగకుండానే అలా తినేవారు ఇంకా ఎక్కువ. అందుకే ముందు దీని సంగతి తేల్చాలి.

అపోహ: వేడి చేస్తే క్రిములు చస్తాయి, కాబట్టి ఎంతసేపు బయట ఉన్నా పర్వాలేదు.

వాస్తవం: క్రిములు చస్తాయి. అప్పటికే అవి వదిలిన విషం మాత్రం అలాగే ఉంటుంది. మన చేతుల మీద, ముక్కులో ఉండే స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా మనం ముట్టుకున్న తిండి మీదికి చేరుతుంది. ఆ తిండి గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అక్కడే పెరిగి విషం తయారుచేస్తుంది. అరగంట మరిగించినా ఆ విషం పూర్తిగా పోదు. వాసన మారదు, రుచి మారదు. "వాసన చూశాం, బాగానే ఉంది" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

5 నుంచి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా బాగా పెరుగుతుంది. రేకులో చుట్టిన పార్సిల్ కాసేపటికే ఆ మధ్యకు దిగి, చాలాసేపు అక్కడే ఉంటుంది. మామూలుగా రెండు గంటలు, బయట 32 డిగ్రీలు దాటితే ఒక్క గంట, అంతే గడువు. మన ఎండాకాలానికి గంట లెక్కే వర్తిస్తుంది. దేవరకొండ బస్సు ఎక్కేవారికి ఆ గంట దారిలోనే అయిపోతుంది.

ఒకసారి పెళ్లివారింటికి వెళ్తూ ఒకాయన పొద్దు గూకకముందే పార్సిల్ పట్టుకెళ్లారు. అందరూ చేరి తినేసరికి అర్ధరాత్రి దాటింది. తెల్లవారుజామున ఆయన భార్య ఫోన్ చేశారు. "అన్నా, బాబుకు వాంతులు ఆగడం లేదు, ఆ మాంసం ఎప్పటిది?" ఆ గొంతులో నింద కంటే భయమే ఎక్కువ. ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. బాబు తేరుకున్నాడు. ఈలోగా, నేను చచ్చిన కోళ్లు అమ్ముతున్నానని ఫోన్లలో ప్రచారం మొదలైంది. ఆ సాయంత్రం అవే ముక్కలు దుకాణంలో వేడివేడిగా తిన్నవారెవరూ జబ్బుపడినట్టు నాకు తెలియలేదు. ఇలాంటి పుకార్లను నేను సహించలేను. నా వ్యాపారం పోతుందని మాత్రమే కాదు. గంటల తరబడి బయట ఉంచిన సంగతి మరుగునపడి, ఇంకో ఇంట్లో ఇంకో పిల్లవాడు అదే తింటాడు.

ఎంత దూరం వెళ్తున్నారో చెప్పండి, బయలుదేరే ముందే కాల్చి ఇస్తాం. మిగిలినవాటిని రేకులోంచి తీసి, గడువు దాటకముందే ఫ్రిజ్‌లో పెట్టండి. మరునాడు పొగలు వచ్చేదాకా ఒక్కసారే వేడి చేయండి. రాత్రంతా వంటగట్టు మీద ఉన్నవాటిని పారేయండి. డబ్బు పెట్టి కొన్నది పారేయడం కష్టమే, అయినా పారేయండి.

ఇక ఎరుపు. ముక్క ఎర్రగా ఉంటే మసాలా బాగా పట్టినట్టని చాలామంది నమ్మకం. అది రంగు డబ్బా పని. కబాబుల్లో కృత్రిమ రంగులు వాడకూడదని నిబంధన ఉంది. 2024 జూన్‌లో కర్ణాటక మళ్లీ ప్రత్యేకంగా నిషేధించింది. కశ్మీరీ మిర్చి నిప్పుల మీద ఇటుక రంగుకు తిరుగుతుంది, వేళ్లకు అంటుకునే ఎరుపు ఇవ్వదు.

మయోనైజ్ అడిగేవారికి ఒక మాట: పచ్చి గుడ్డుతో చేసేదాన్ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. గడువుతో సంబంధం లేకుండా, మా దుకాణంలో అది ఉండదు. పుదీనా చట్నీ చాలు.

పైన నల్లబడితే లోపల ఉడికినట్టు కాదు. ముఖ్యంగా సీఖ్ కబాబు విషయంలో జాగ్రత్త. ఖీమా కొట్టినప్పుడు మాంసం పైనున్న క్రిములు లోపలికంతా కలుస్తాయి, కాబట్టి నడిమధ్య దాకా కాలాలి.

చివరగా, కోడికాలు విరిచి ఎముక దగ్గర ఎర్రగా కనబడగానే పళ్లెం పక్కకు నెట్టే తల్లులు చాలామంది ఉన్నారు. వారి భయం నాకు అర్థమవుతుంది. మన దగ్గర అమ్మే బ్రాయిలర్ కోడి లేత వయసుది. దాని ఎముకలు గట్టిపడి ఉండవు కాబట్టి మూలుగలోని రంగు బయటికి ఊరుతుంది. పూర్తిగా ఉడికినా ఆ ఎరుపు ఉండవచ్చు. అయితే రంగు చూసి ఉడికిందనీ చెప్పలేం, ఉడకలేదనీ చెప్పలేం. లోపల 75 డిగ్రీలు చేరిందా అన్నదే లెక్క, అందుకే నేను సూది థర్మామీటర్ గుచ్చి చూస్తాను. మాంసం జిగటగా, ఎముకను వదలకుండా ఉంటే మొహమాటపడకుండా వెనక్కి పంపండి, మళ్లీ నిప్పుల మీద పెడతాం.