అడవిపందికి ఏ తూటా? అపోహలు - వాస్తవాలు

వరి పాలు పట్టే రోజుల్లో, మొక్కజొన్న కంకి వేసే రోజుల్లో మహారాష్ట్రలోని సిరొంచ, అహేరి తాలూకాల మంచెల మీద ఒకటే చర్చ. పందికి ఎల్జీ (పెద్ద గుళ్ల తూటా) మంచిదా, బాల్ (గుండ్రటి ఒంటి గుండు) మంచిదా? తుపాకి మందు కాస్త ఎక్కువ దట్టిస్తే ఏమవుతుంది? ప్రాణహితకు ఇవతల ఏం వినిపిస్తుందో, అవతల తెలంగాణలోని చెన్నూరు, కాళేశ్వరం వైపూ అదే. వీటిలో సగం మాటలు భర్మార్ల (మూతిలోంచి మందు దట్టించే నాటు తుపాకుల) కాలం నాటివి. ట్వెల్వ్ బోర్ (12 బోర్ షాట్‌గన్) తుపాకికి అవి పనికిరావు. కొన్నయితే ప్రాణాల మీదికి తెస్తాయి.

ముందు ఒక మాట. ఆయుధ లైసెన్సు తుపాకి ఉంచుకోవడానికే, పందిని కొట్టడానికి కాదు. పంట నష్టం చేస్తున్న జంతువును కొట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అటవీ శాఖ అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. చప్రాళ వంటి అభయారణ్యాల లోపల నియమాలు ఇంకా గట్టివి. చేతిలో ఆ కాగితం లేనివారికి కింది లెక్కలతో పని లేదు.

అపోహ: గుండు ఎంత బరువైతే అంత మంచిది, ఎక్కడ తగిలినా పంది పడిపోతుంది.

బరువు ఒక్కటే పంది ప్రాణం తీయదు. గుండెకో ఊపిరితిత్తులకో రంధ్రం పడాలి. బరువు పనికొచ్చేది అక్కడిదాకా సూటిగా చేరడానికే. పెద్ద మగపందికి భుజాల మీద, పక్కల మీద చర్మం కింద మందపాటి గట్టి పొర ఉంటుంది. దాని పైన బురద, బిరుసు వెంట్రుకలు. తేలికైన గుండు అక్కడే ఆగిపోతుంది.

అమెరికాలో రివాల్వర్‌తో పెద్ద జంతువులను వేటాడేవారు దీన్ని ఎప్పుడో తేల్చుకున్నారు. 1950ల మధ్యలో వచ్చిన పాయింట్ 44 మాగ్నమ్‌కు మామూలు గుండు 240 గ్రెయిన్లు, అంటే సుమారు 15.5 గ్రాములు. కండ, ఎముక ఎక్కువున్న జంతువుకు 300 గ్రెయిన్ల గుండు, అదీ గట్టి సీసంతో పోసి, ముక్కు వెడల్పుగా చదునుగా ఉన్నది వాడతారు. అది విచ్చుకోకుండా లోతుగా, సూటిగా పోతుంది. ముక్కులో గుంట ఉన్న మెత్తటి గుండు చర్మం దాటగానే పువ్వులా విచ్చుకుని, లోపలికి చేరకముందే ఆగిపోవచ్చు. మన ట్వెల్వ్ బోర్‌కూ ఇదే సూత్రం. బరువుతో పాటు గుండు ఆకారం, గట్టిదనం, అది తగిలే చోటు, అన్నీ కలిస్తేనే ఫలితం.

తగిలే చోటు సంగతికొస్తే, పంది గుండె చాలామంది అనుకున్నంత ఎత్తున ఉండదు. ఛాతీ కింది మూడో వంతులో, ముందు కాళ్ల మధ్యన ఉంటుంది. భుజాల దగ్గర వెన్నెముక కిందికి వంగి ఉంటుంది కనుక మెడ జూలును గురి చూస్తే గుండు మాంసంలోంచి దూసుకుపోతుంది. పంది ఆ దెబ్బకు కూలబడి, నిమిషంలో లేచి పారిపోతుంది. పంది పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందు కాలి వెనక అంచు వెంబడి చూపు పైకి పోనిచ్చి, శరీరం ఎత్తులో కింది మూడో వంతు దగ్గర ఆపాలి. గురి అక్కడే.

అపోహ: గుళ్లు ఎన్ని ఎక్కువుంటే అంత ఖాయం. బీబీ (సన్న గుళ్ల తూటా) చాలు.

బీబీ గుండు వ్యాసం 4.1 మిల్లీమీటర్లు, బరువు 0.4 గ్రాములు. అది పక్షులకు. పందికి తగిలితే చర్మంలో కూరుకుంటుంది, పుండు పడుతుంది, జంతువు వారాల తరబడి నరకం చూస్తుంది. ఎస్జీ గుండు 8.4 మిల్లీమీటర్లు, మూడున్నర గ్రాములు. ఎల్జీ 9.1 మిల్లీమీటర్లు, 4.7 గ్రాముల దాకా. ఔన్సుకు ఎస్జీ 8, ఎల్జీ 6 గుళ్లు తూగుతాయి. ఒంటి గుండు, అంటే స్లగ్, సుమారు 28 గ్రాములు. లోతుగా పోవడంలో స్లగ్‌కు సాటి లేదు. దగ్గరి దూరంలో ఎల్జీ పనిచేస్తుంది. ఎస్జీని దానికంటే ఇంకాస్త దగ్గరకే పరిమితం చేయాలి. అంతకంటే చిన్న గుళ్లు వద్దు.

అపోహ: ఎల్జీ 50 మీటర్ల దాకా కొడుతుంది.

ఆ దూరం పోతుంది, నిజమే. కానీ అక్కడికి చేరేసరికి 6 గుళ్లూ ఆరు దిక్కులకు విడిపోతాయి. మీ తుపాకి, మీ తూటా ఎంత దూరం దాకా పనికొస్తాయో కాగితం మీద తేల్చుకోవాల్సిందే. అనుమతి ఉన్న రేంజ్‌లో మీటరు చదరం కాగితం కట్టి, మధ్యలో 22 సెంటీమీటర్ల వ్యాసంతో వృత్తం గీయండి. పంది ప్రాణస్థానం ఇంచుమించు అంతే ఉంటుంది. 15, 20, 25 మీటర్ల నుంచి ఒక్కో బ్యారెల్‌తో మూడేసి తూటాలు కొట్టి, వృత్తంలో పడ్డ గుళ్లు లెక్కపెట్టండి. మూడుసార్లూ కనీసం 3 ఎల్జీ గుళ్లు లోపల పడిన దూరమే మీ హద్దు. ఓపెన్ చోక్ (బ్యారెల్ మూతి దగ్గర పెద్దగా ఇరుకు లేని) తుపాకులకు అది 20 మీటర్లు దాటడం కష్టం. కంపెనీ మారినా, వాడ్ (మందుకూ గుళ్లకూ మధ్య ఉండే బిళ్ల) మారినా పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాలి. తూటాలు ఖర్చవుతాయని దీన్ని వదిలేసేవారే గాయపడ్డ పందిని ఊరి మీదికి వదులుతారు.

అపోహ: స్లగ్ మీద చారలు ఉంటాయి కాబట్టి అది రైఫిల్ గుండులా తిరుగుతూ పోతుంది.

దాదాపు తిరగదు. ఆ చారలు చోక్‌లోంచి, అంటే బ్యారెల్ మూతి దగ్గరి ఇరుకులోంచి, నలిగి బయటపడటానికి. 1898 నాటి బ్రెనెకి స్లగ్‌కు వెనకాల తేలికైన వాడ్ బిగించి ఉంటుంది. 1931 నాటి ఫాస్టర్ స్లగ్‌కు వెనక భాగం గుల్ల. రెంటికీ బరువు ముందుకే ఉంటుంది కనుక షటిల్ కాక్‌లా తిన్నగా పోతాయి. ఇలాంటి స్లగ్ ఫుల్ చోక్‌లోంచి (బాగా ఇరుకైన మూతిలోంచి) కూడా దాటగలదు. కానీ గురి కుదిరేది సిలిండర్ (ఇరుకు లేనిది), ఇంప్రూవ్డ్ సిలిండర్ (కొద్దిగా ఇరుకైనది) బ్యారెళ్లలోనే. మన జోడుగొట్టాల తుపాకుల్లో సాధారణంగా కుడి బ్యారెల్, అంటే ముందు ట్రిగ్గర్‌ది, ఓపెన్‌గా ఉంటుంది. స్లగ్ అందులో వేయండి.

చారల్లేని గుండ్రటి బాల్ సంగతి వేరు. బోర్ నిండా బిగుతుగా ఉండే బాల్ ఫుల్ చోక్‌లోకి వస్తే, అక్కడ సుమారు 1 మిల్లీమీటరు ఇరుకు దాన్ని పట్టేస్తుంది. బ్యారెల్ మూతి ఉబ్బుతుంది, చీలిపోవచ్చు కూడా. పెట్టె మీద "ఏ చోక్‌కైనా" అని రాసి లేకపోతే ఫుల్ చోక్‌లో వేయకండి.

అపోహ: చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) పట్టి తుపాకి మూసుకుంటే ఆ తూటా సరిపోయినట్టే.

పాత జోడుగొట్టాలకు ఇది అన్నిటికంటే పెద్ద గండం. తూటా పొడవు అంటే పేలిన తరువాత, మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. 70 మిల్లీమీటర్ల తూటా పేలకముందు 60 కంటే తక్కువే ఉంటుంది కనుక 65 మిల్లీమీటర్ల చాంబర్‌లో హాయిగా కూర్చుంటుంది. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలదు, దారి ఇరుకై ఒత్తిడి పెరిగిపోతుంది. చాంబర్ పొడవు బ్యారెల్ అడుగున చెక్కి ఉంటుంది. లేకపోతే తుపాకులు బాగుచేసే లైసెన్సుదారు చేత కొలిపించండి.

20 బోర్ తూటాను 12 బోర్ తూటాలతో ఒకే సంచిలో వేయడం ఇంకో ప్రమాదం. పొరపాటున 12 బోర్ తుపాకిలో వేస్తే 20 బోర్ తూటా చాంబర్ దాటి జారి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. ఖాళీ అనుకుని వెనకాల 12 బోర్ తూటా వేసి పేలిస్తే చెయ్యి పోతుంది. 20 బోర్ తూటాకు పసుపు రంగు వేసేది అందుకే.

అపోహ: ఖాళీ తూటాలో ఇంట్లో మందు నింపుకుంటే చవక, పైగా దెబ్బ గట్టిగా ఉంటుంది.

లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం ఆయుధ చట్టం కింద నేరం. చట్టం సంగతి అటుంచినా ఇది ఒంటికే ముప్పు. పొగరాని మందు, భర్మార్‌లో పోసే నల్లటి మందు ఒకటి కావు. ఒకే డబ్బా కొలతతో రెండూ పోస్తే ఒత్తిడి ఎన్నో రెట్లు తేడా వస్తుంది. ఫ్యాక్టరీలో ఒక్కో మందుకు క్యాప్ (మందును అంటించే టోపీ), వాడ్, గుళ్ల బరువు జత కలిపి, ఒత్తిడి కొలిచి గానీ తూటాను బయటికి పంపరు. యూరప్ ప్రమాణంలో మామూలు 12 బోర్ తూటాకు హద్దు 740 బార్లు. వీటిలో ఒక్కటి మార్చినా ఆ లెక్క చెడుతుంది. గుళ్లు తీసేసి సైకిల్ బేరింగ్ గోళీలు వేస్తే గట్టి ఉక్కు బ్యారెల్‌ను గీరి, చోక్ దగ్గర ఉబ్బిస్తుంది. తూటా నడుం చుట్టూ కత్తితో గాటు పెట్టి ఒంటి గుండులా పంపేవారూ ఉన్నారు. ఆ ముక్క చోక్‌లో ఇరుక్కుంటే రెండో తూటాకు బ్యారెల్ పగులుతుంది.

కొన్న తూటా అయినా "ఫుస్"మని చిన్న శబ్దం వస్తే అక్కడే ఆగండి. తుపాకి మూతిని నిమిషం పాటు ఖాళీ నేల వైపే ఉంచి, తరువాత తెరిచి, రెండు బ్యారెళ్లలోంచి వెలుతురు కనిపిస్తుందో లేదో చూడండి. వానాకాలంలో ఉబ్బిన కాగితం తూటాలను పక్కన పెట్టేయండి, ఎండబెట్టి వాడకండి.

అపోహ: లైసెన్సు రివాల్వర్ ఉంది కదా, దగ్గరికొస్తే అదే చాలు.

మన దగ్గర పౌరులకు దొరికే పాయింట్ 32 రివాల్వర్ గుండు బరువు సుమారు 6.3 గ్రాములు, శక్తి 150 జౌళ్ల దరిదాపు. పైన చెప్పిన పాయింట్ 44 మాగ్నమ్ శక్తి 1,200 జౌళ్లు దాటుతుంది, ట్వెల్వ్ బోర్ స్లగ్ శక్తి 2,500 పైమాటే. పాయింట్ 32 ఆత్మరక్షణకు చేసినది. పందిని రెచ్చగొట్టడానికి తప్ప ఇక్కడ దాని వల్ల మేలు లేదు.

అపోహ: గురి తప్పితే గుండు చేలోనే పడిపోతుంది.

స్లగ్ కిలోమీటరు దాటి పోగలదు. ఎల్జీ గుండు ఆరేడు వందల మీటర్లు పోగలదు. నది ఒడ్డు రాళ్ల మీద, నీటి మీద తగిలితే పక్కకు ఎగురుతుంది. అందుకే మంచె మీద నుంచి కిందికి, మట్టి కట్ట వెనకాల ఉండేలా చూసుకుని కొట్టాలి. పంది వెనకాల ఏముందో కనిపించకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

అపోహ: దెబ్బ తగిలిన వెంటనే వెంటపడాలి.

అలా వెళ్లినవారే కోరలకు తొడలు చీల్చుకున్నారు. మొదట అది నిలబడ్డ చోట రక్తం చూడండి. నురుగుతో గులాబీ రంగులో ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగితే పంది దగ్గర్లోనే దొరుకుతుంది. ముదురు ఎరుపైతే కాలేయం. పచ్చటి పసరు, కంపు ఉంటే పేగులు. ఈ రెంటికీ మూడు నాలుగు గంటలు ఆగాలి. చీకటి పడితే అటవీ సిబ్బందికి ఫోన్ చేసి, ఆ పొద వైపు ఎవరూ పశువులను తోలకుండా ఊళ్లో చెప్పించి, తెల్లవారాకే ఇద్దరు తుపాకులతో వెళ్లండి. ఒకరు జాడ చూడాలి, రెండోవారు ముందుకే చూడాలి. పంది దొరికాక అది ప్రభుత్వ ఆస్తి. పంచనామా అయ్యేదాకా కత్తి పెట్టకూడదు, వాటాలు వేయకూడదు.