వసారా చెక్కలో చేవ ఎంత?

చిత్తూరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఇంటి ముందు ఒక వసారా ఉంది. నాలుగు వేప స్తంభాలు, వాటి మీద తాటి దూలాలు, పైన పెంకులు. మా అమ్మ పుట్టకముందు కట్టింది. ఇప్పటికీ స్తంభాన్ని వేళ్ళ కణుపులతో కొడితే టక్‌మని మోగుతుంది.

తిరుపతిలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు మేడ మీద సిట్‌అవుట్‌లో టేకు పలకలతో డెక్, అంటే చెక్క నేల, వేయించాం. చాలా ఖర్చయింది, అయినా సాయంత్రాలు కొండ వైపు చూస్తూ కూర్చోవచ్చు కదా అని ఇష్టంగా వేయించుకున్నాం. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగిపోయిన ఆ వానలకి పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుని మధ్యలో పైకి లేచాయి. మళ్ళీ ఎండ వస్తే సర్దుకుంటాయన్నారు. సర్దుకున్నాయి కూడా. కానీ మరుసటి ఏడాది ఒక పలక అంచున స్క్రూడ్రైవర్ మోపితే సర్రున దిగిపోయింది.

వేప నిలిచింది, టేకు పోయింది. చెక్కల్లో రాజు టేకు అని కదా అందరూ చెప్పేది, మరి ఇదేమిటి? ఆ డెక్ మొత్తం నేనే విప్పాను, ఒక్కో పలకా తిప్పి చూశాను. అప్పుడు అర్థమైనవి, ఆ తర్వాత చదువుకుని తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ మధ్య మన ఊళ్ళో కొత్త ఇళ్ళకి చెక్క వసారాలు, డెక్‌లు బాగా వేయించుకుంటున్నారు, ఎవరిని చూసినా "ఏ చెక్క?" అనే ఒక్క ప్రశ్నతో ఆగిపోతున్నారు.

ముందు కుళ్ళడం అంటే ఏమిటో చూద్దాం. చెక్క దానంతటది కుళ్ళదు, దాన్ని శిలీంధ్రాలు తింటాయి. వాటి విత్తనాల్లాంటి బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, మీ పలక మీద ఇప్పుడూ ఉన్నాయి. మొలవాలంటే వాటికి గాలి, వెచ్చదనం, నీళ్ళు కావాలి. గాలీ వెచ్చదనమూ తిరుపతిలో మనం ఆపలేం, కాబట్టి మన చేతిలో ఉన్నది నీళ్ళు ఒక్కటే. చెక్కలో నీటి బరువు, ఎండిన చెక్క బరువులో 20 శాతం లోపు ఉంటే శిలీంధ్రాలు దాదాపు ఏమీ చేయలేవు. 30 శాతం చేరితే పండగ. (అసలు గాలే అందకపోతే అప్పుడూ కుళ్ళదు. పాతకాలం బావుల అడుగున నేరేడు చెక్క వేసేవాళ్ళని పెద్దవాళ్ళు చెబుతుంటారు, వెనిస్ నగరం ఈనాటికీ బురదలో దిగేసిన దుంగల మీదే నిలబడి ఉంది.)

చాలామంది పొరబడేది ఇక్కడే. తేమ ఎక్కువున్న ఊళ్ళో గాలి వల్లే చెక్క పాడవుతుందనుకుంటారు. గాలిలో తేమ 90 శాతం ఉన్నా, పైన కప్పు ఉంటే చెక్క ఆ గాలి నుంచి తీసుకునే నీళ్ళు 20 శాతం దగ్గర ఆగిపోతాయి. ఆ గీత దాటించేది వాన నీళ్ళు, కడిగిన నీళ్ళు, పూలకుండీ కింద నిలిచిన నీళ్ళు. తేమ గాలి చేసే అసలు నష్టం ఏమిటంటే, ఒకసారి తడిసిన చెక్కను అది ఆరనివ్వదు. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వరసగా అల్పపీడనాలు వస్తాయి. మొదటి వానకి తడిసింది ఆరకముందే రెండోది వచ్చి పడుతుంది. చెక్కకు టెన్షన్ మొదలయ్యేది ఆ వారాల్లోనే.

తర్వాత వేసవి వస్తుంది. నలభై డిగ్రీల మధ్యాహ్నాల్లో గాలి పొడిబారిపోయి చెక్కలో నీళ్ళు ఆరేడు శాతానికి దిగుతాయి. అంటే మన దగ్గర చెక్క ఏడాదిలో ఒకసారి బాగా ఉబ్బి, ఒకసారి బాగా ముడుచుకుంటుంది. ఎంత? నేను లెక్క వేశాను. ఆరు అంగుళాల వెడల్పున్న టేకు పలకలో నీళ్ళు పది శాతం మారితే వెడల్పు దాదాపు మూడు మిల్లీమీటర్లు మారుతుంది. టేకు మిగతా చెక్కలకంటే తక్కువ కదిలే రకం, దానికే ఇంత. పొడవులో మాత్రం చెక్క దాదాపు కదలదు. కోసిన మొద్దులో కనిపించే వలయాల వెంబడి కదిలేది, వలయాలకు అడ్డంగా కదిలేదానికి సుమారు రెట్టింపు ఉంటుంది. పలకలు గిన్నెలా వంగడానికి, నెర్రెలివ్వడానికి కారణం ఈ తేడానే. మా డెక్‌లో పలకలను సందు లేకుండా బిగించేశారు, చూడ్డానికి నున్నగా ఉంటుందని. ఇరవై పలకలు తలా రెండు మూడు మిల్లీమీటర్లు పెరిగితే ఎక్కడికి పోతాయి? పైకి లేచాయి.

కుళ్ళింది ఏ భాగం అని చూస్తే ఇంకా ఆసక్తికరంగా ఉంది. టేకు, వేప లాంటి చెట్ల మొద్దులో రెండు చెక్కలుంటాయి. బయటి వైపు లేత రంగులో ఉండేది తెల్ల చెక్క, చెట్టు బతికున్నప్పుడు వేళ్ళ నుంచి ఆకులకు నీళ్ళు మోసేది అదే, తీపీ పిండీ దాచుకునేదీ అదే. లోపల ముదురు రంగులో ఉండేది చేవ. మనిషికి చేవ ఉంది, చేవ చచ్చింది అంటామే, ఆ మాట ఇక్కడిదే. చెట్టు వయసు పెరిగేకొద్దీ లోపలి నాళాలను మూసేసి, వాటిలో పురుగుకీ బూజుకీ గిట్టని రసాయనాలు నింపుతుంది. టేకులో ఉండే టెక్టోక్వినోన్ లాంటివి చెదల్ని దగ్గరికి రానివ్వవు. కానీ ఆ రసాయనాలున్నది చేవలో మాత్రమే. టేకు తెల్ల చెక్కకు, ఏ అనామకపు చెక్కకూ తేడా లేదు, చెదలు రెండింటినీ ఒకేలా తింటాయి.

మా పలకల్లో కుళ్ళిందంతా అంచుల్లోని తెల్ల చెక్కే. పొలాల గట్ల మీద పెంచి పదిహేను ఇరవై ఏళ్ళకే కొట్టిన టేకులో తెల్ల చెక్క భాగం చాలా ఎక్కువ. అడితిలో పాలిష్ చేసి చూపిస్తే రంగు కలిసిపోయి తెలియదు. అమ్మమ్మ వాళ్ళ వేప స్తంభాలు మాత్రం ముదురు మానువి. బయటి చెక్కంతా బాడిసతో చెక్కేసి, ఎర్రటి చేవ ఒక్కటే నిలబెట్టారు. అందుకే నా అభిప్రాయం ఇది: లేత టేకు కొనేకంటే ముదురు వేప, నల్లమద్ది, వేగి, చింత చేవ కొనడం మేలు. నల్లతుమ్మ చేవతో బండి చక్రాలు చేసేవాళ్ళు, బురదలో నానడానికీ ఎండలో ఎండడానికీ అంతకంటే పరీక్ష ఏముంటుంది. కాకపోతే తుమ్మలో పొడవాటి తిన్నని పలకలు దొరకవు. ఎర్రచందనం గురించి అడిగేవాళ్ళూ ఉంటారు, శేషాచలం అడవుల చెట్టు అది, అనుమతి లేకుండా నరకడం నేరం, వసారాల లెక్కలోకి తేవద్దు.

మామిడి విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలో ముసలి తోటలు కొట్టేసినప్పుడల్లా మామిడి చెక్క చవగ్గా వస్తుంది. సెంట్రింగ్ పలకలకి, పెట్టెలకి, ఇంట్లో బల్లకి బాగుంటుంది. ఆరుబయట మాత్రం నిలవదు. మా డెక్ పలకల కింద వేసిన రీపర్లు ఏ చెక్కవో మేము అడగలేదు, పైన టేకు చూసి సంతోషపడ్డాం. విప్పి చూస్తే అవి మామిడివి. నేల మీద బల్లపరుపుగా పరిచారు, వాన నీళ్ళు కాలువకు పోకుండా వాటికి అడ్డుపడి నిలిచాయి, అవి నాని పొడి బిస్కెట్‌లా చిన్న చిన్న గోధుమరంగు ముక్కలుగా విరుగుతున్నాయి. చెక్కలో పీచుగా ఉండే సెల్యులోజ్‌ను తినేసి, ఆ పీచును అతికి ఉంచే లిగ్నిన్‌ను వదిలేసే శిలీంధ్రం చేసే పని అలాగే ఉంటుంది. కుళ్ళు అక్కడ పుట్టి పైకి ఎక్కింది.

వసారాల్లో నేను మళ్ళీ మళ్ళీ చూసే ఇంకో తప్పు స్తంభం అడుగు. చెక్క అంటే సన్నని గొట్టాల కట్ట. పక్క నుంచి నీళ్ళు పీల్చడానికి దానికి చాలా సమయం పడుతుంది, కోసిన చివర నుంచైతే వత్తి నూనె పీల్చినట్టు పీల్చేస్తుంది. కొత్తగా కట్టేవాళ్ళు స్తంభాన్ని తీసుకెళ్ళి కాంక్రీటులో పాతేస్తున్నారు, గట్టిగా ఉంటుందని. కాంక్రీటు గిన్నెలా నీళ్ళు పట్టి ఉంచుతుంది, స్తంభం చివర అందులో నానుతూనే ఉంటుంది, నాలుగైదేళ్ళకు నేలమట్టం దగ్గర విరుగుతుంది. అమ్మమ్మ ఇంట్లో ప్రతి స్తంభం కింద అడుగు ఎత్తు రాతి దిమ్మ ఉంది. చిన్నప్పుడు మేము దాని మీద కూర్చుని చింతకాయలు కొట్టుకునేవాళ్ళం, అది అందం కోసమనుకున్నాను. నేల తేమ ఎక్కకుండా, చూరు నుంచి పడే చినుకు తిరిగి చిమ్మి చెక్కకు తగలకుండా, చెదలు పుట్ట మట్టితో దారి కట్టుకుంటే కంటికి కనిపించేలా, ఇన్ని పనులు చేస్తోంది ఆ రాయి. ఇప్పుడు రాయి కుదరకపోతే స్తంభం అడుగుకు స్టెయిన్‌లెస్ స్టీల్ బూటు, అంటే తొడుగు, పెట్టి స్తంభాన్ని నేల నుంచి కనీసం నాలుగు వేళ్ళ ఎత్తులో నిలపొచ్చు.

మేకుల మాట కూడా చెప్పాలి. మా పలకల మీద ప్రతి మేకు చుట్టూ నల్లటి మచ్చ ఉంది. ఆ నలుపేమిటో తెలుసుకోవాలంటే శ్రీకాళహస్తి దాకా వెళితే చాలు. అక్కడ కలంకారీ పనివాళ్ళు గుడ్డను కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెడతారు, తుప్పు ఇనుమునూ బెల్లాన్నీ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి కసిం తయారుచేస్తారు. ఆ కసింలో ముంచిన కలం గుడ్డను తాకగానే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. చెక్కలో టానిన్ ఉంది, మేకులో ఇనుముంది, వాన నీళ్ళు రెంటినీ కలిపాయి. గుడ్డ మీద అది కళ, పలక మీద మాత్రం మేకు తుప్పు పట్టి వదులవుతోందనడానికి గుర్తు. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు ఖరీదే, అయినా డెక్ మొత్తం ఖర్చులో ఎంతని.

చేవ ఉన్న చెక్క అందరికీ అందదు, దానికి ఇంకో దారుంది. ఆ దారి వేసినవాడి ఇంటిపేరు మనకు తెలిసినదే. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు కనిపెట్టారు. రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ పురుగును ఆపుతుంది, క్రోమియం ఆ రెండూ వానకు కడిగిపోకుండా చెక్కకు అతికిస్తుంది. ప్రపంచమంతా కరెంటు స్తంభాలకి, కంచెలకి, డెక్‌లకి దశాబ్దాల పాటు దాన్నే వాడింది. ఆయన పేరు మన పిల్లలకు ఏ పాఠంలోనూ ఎదురవ్వకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఆర్సెనిక్ వల్ల అమెరికాలో 2003 చివరికి ఇళ్ళ పనులకు దాన్ని ఆపేశారు, ఇప్పుడు ఆర్సెనిక్ లేని రాగి మందులు వచ్చాయి. ఇందులో ఒక విచిత్రం ఉంది: చేవ నాళాలు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి మందు లోపలికి పోదు, తెల్ల చెక్క బాగా తాగుతుంది. అందుకే ఎందుకూ పనికిరాదనుకున్న పైన్, సరుగుడు లాంటివి, పెద్ద తొట్టిలో పెట్టి గాలి లాగేసి ఒత్తిడితో మందు ఎక్కిస్తే లేత టేకు కంటే ఎక్కువ కాలం ఉంటాయి. కుంచెతో పైన రాసింది మాత్రం పైనే ఉంటుంది. అమ్మేవాళ్ళు "ట్రీటెడ్" అంటే ఒత్తిడితో ఎక్కించారా అని అడగండి, ఒక ముక్క అడ్డంగా కోయించి మందు రంగు ఎంత లోతు దిగిందో చూడండి. ఆ ముక్కల్ని పొయ్యిలో పెట్టకండి.

చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే డబ్ల్యూపీసీ పలకలూ ఇప్పుడు బాగా అమ్ముతున్నారు. కుళ్ళు తక్కువ, చెదలు పట్టవు, అది నిజం. కానీ మే నెలలో చెప్పుల్లేకుండా వాటి మీద నడిచి చూసి కొనండి. తిరుమల మాడ వీధుల్లో భక్తుల కాళ్ళు కాలకుండా తెల్ల కూల్ పెయింట్ వేస్తారు కదా, రాయి తన వేడిని మన పాదానికి చాలా వేగంగా ఇచ్చేస్తుంది కాబట్టి ఆ అవసరం. మామూలు చెక్క వేడిని చాలా నెమ్మదిగా ఇస్తుంది, గ్రానైటు దానికి ఎన్నో రెట్లు వేగంగా ఇస్తుంది. బరువైన ముదురు రంగు డబ్ల్యూపీసీ చెక్క కంటే ఎక్కువ కాలుతుంది. పైగా ఎండకు అది పొడవులో సాగుతుంది, చివర్లలో సందు వదలకపోతే వంకర తిరుగుతుంది. నాకైతే కాలి కింద చెక్కే కావాలి. మెరైన్ ప్లైవుడ్ బాగుంటుందని కొందరంటారు. దాని జిగురు నీళ్ళకు నిలుస్తుంది, పొరల్లోని చెక్క ఎండకూ వానకూ నిలవదు, డెక్‌కు వద్దు.

పాలిష్ సంగతి కొంచెం. అద్దంలా మెరిసే వార్నిష్ ఆరుబయట ఒక్క వేసవికి పగులుతుంది, ఎందుకంటే కింద చెక్క కదులుతుంది, పైన పొర కదలలేదు. పగుళ్ళలోంచి దిగిన నీళ్ళు ఆ పొర కిందే ఉండిపోతాయి. చెక్కలోకి ఇంకే నూనె రకాలే నయం, ఏడాదికొకసారి వానలకు ముందు గుడ్డతో రాసుకోవాలి. ఏమీ రాయకపోతే ఎండకు లిగ్నిన్ పోయి పైపైన వెండిరంగుకు మారుతుంది, దానికి భయపడక్కర్లేదు. కోసిన చివర్లకు మాత్రం నూనె రెండు మూడు సార్లు పట్టించాలి.

పోయిన వేసవిలో మళ్ళీ వేశాం. పాత ఇల్లు విప్పిన చోట దొరికిన నల్లమద్ది దూలాలు కోయించి, తెల్ల చెక్క తీయించి, నాలుగు అంగుళాల పలకలుగా చేయించాం. కోయించిన పలకలను రెండు నెలలు నీడలో రీపర్లు అడ్డుపెట్టి పేర్చి ఉంచాం, వారానికోసారి ఒక ముక్కను వంటింటి త్రాసులో తూచేవాణ్ణి, బరువు తగ్గడం ఆగాకే పని మొదలుపెట్టాం. పలకల మధ్య ఆరు మిల్లీమీటర్ల సందు, కింద గాలి ఆడేలా స్టీలు ఫ్రేము, నీళ్ళు జారేలా కొంచెం వాలు. వడ్రంగికి ఆ సందులు నచ్చలేదు, "సార్, నాణెం పడిపోతుంది" అన్నాడు. పడనీ అన్నాను.

నవంబరులో మొదటి పెద్ద వాన రాత్రంతా కురిసి పొద్దున ఎనిమిదింటికి ఆగింది. గంట గంటకీ వెళ్ళి చేత్తో తడిమి చూశాను. పన్నెండుకల్లా పలకలన్నీ ఆరాయి, మెట్ల దగ్గర రెండు పలకలు తప్ప. అక్కడ మా ఆవిడ తులసికుండీ ఉంది. కుండీ కింద మూడు రాళ్ళు పెట్టాను.